కనపడని పదమూడు శాతం

అక్టోబర్ 15, బుధవారం

పొద్దున మైనస్ ఒకటి. సరస్సు మీది నుంచి గాలి. కలప ఆరబెట్టే బట్టీలు ఒకటి, రెండు నడుస్తున్నాయి. మూడోది ఖాళీ. సర్వర్ డిస్కు 44 శాతం. ప్రింటర్లు రెండు బాగు చేశాను.

బట్టీలు నడిపే మా ఆర్వోని ఇంటికి పంపేశారు.

సెప్టెంబర్ 23 నుంచి అక్టోబర్ 13 దాకా బట్టీల వేడి చార్టులు లేవట. మొత్తం నలభై ఒక్క విడతల కలప. చెక్క గుండెలో యాభై ఆరు డిగ్రీల వేడి ముప్పై నిమిషాలు నిలిస్తే గాని లోపలి పురుగు చావదు. అది నిలిచిందని చార్టు చెప్పాలి. అప్పుడే ఎగుమతి ముద్ర కొట్టాలి. చార్టులు లేకుండానే ఆర్వో ముద్ర కొట్టాడని అభియోగం. రెండు లోడ్లు రేవు నుంచి వెనక్కి వచ్చాయి.

ఆర్వోని పిలిచి అడిగినప్పుడు ప్రింటర్ బాగు చేసే వంకతో నేనూ ఆ గదిలోనే ఉన్నాను.

"ఇరవై తొమ్మిదేళ్లుగా బట్టీ తలుపు మూసేది నేనే బాబూ. ప్రతి చార్టూ నా తెర మీద చూశాకే ముద్ర తీశాను," అన్నాడు ఆర్వో.

"మీ తెర చూపించేది ఈ ఫోల్డర్‌నే కదా. ఇదిగో, ఇందులో ఏమీ లేదు. సర్వర్‌లో ఏ తప్పూ లేదు. మనిషన్నాక మరిచిపోతాడు ఆర్వో, ఇందులో సిగ్గేముంది?" అన్నాడు గ్రాంట్.

గ్రాంట్ టెసియే, కంప్యూటర్ల మేనేజరు. ఈ సామిల్లుకు వచ్చి ఏడాదిన్నర. వచ్చిన వారంలోనే, పదకొండేళ్లుగా నేను చూసుకున్న సర్వర్ల తాళాలు తీసేసుకున్నాడు. నాకు ప్రింటర్లు, బ్యాకప్ టేపులు మిగిల్చాడు.

బయటికి వెళ్తూ ఆర్వో నా భుజం మీద చెయ్యి వేసి, "ఒరేయ్ వాల్ట్, శనివారం వేటకి తూటాలు కొనకు. ఈ ఏడు మూస్ దుప్పులన్నీ బతికిపోయినట్టే," అన్నాడు.

అక్టోబర్ 16, గురువారం

మైనస్ మూడు. డిస్కు 44.

ఈ 44 నన్ను నిన్నటి నుంచి నిద్రపోనివ్వలేదు. డిస్కు ఎంత నిండిందో రోజూ రాసుకుంటాను. ఎవరూ అడగరు, అయినా రాసుకుంటాను. సెప్టెంబర్ 22న 31. అక్కణ్నుంచి రోజూ కొంచెం కొంచెం పెరిగి అక్టోబర్ 13కి 44. ఇవాళ ఆ డిస్కులో కనిపించే ఫైళ్లన్నీ కూడి చూశాను. 31 శాతమే వచ్చింది. మరి ఆ పదమూడు శాతం ఎక్కడ?

మధ్యాహ్నం రెండింటికి దొరికింది.

నేను ఏ బడిలోనూ నేర్చుకోలేదు. అందుకే ఏదైనా అర్థమైతే నా మాటల్లో రాసుకుంటేగాని నిలవదు. చార్టులు ఉండాల్సింది నిల్వగదిలోని పెద్ద డిస్కుల పెట్టెలో. సర్వర్ లేచేటప్పుడు ఆ పెట్టెలోని ఫోల్డర్‌ని నెట్‌వర్క్ మీదుగా తెచ్చి, తన దగ్గరున్న ఖాళీ ఫోల్డర్ మీద కప్పుకుంటుంది. మౌంట్ అంటే అంతే. దిమ్మె మీద టార్పాలిన్ కప్పినట్టు. టార్పాలిన్ కప్పి ఉంటే అదే కనిపిస్తుంది, ఏది వేసినా దాని మీదే పడుతుంది. ఏ రోజైనా టార్పాలిన్ కప్పడం మానేస్తే, వేసినవన్నీ కింద పడతాయి. మర్నాడు మళ్లీ కప్పితే, కింద పడ్డవి కనపడవు. పోవు. కనపడవు, అంతే.

టేపుల పని కోసం నాకు వదిలేసిన ఒకే ఒక్క అనుమతితో డిస్కుని ఇంకో దారిన తెరిచి టార్పాలిన్ కిందికి చూశాను. నలభై ఒక్క చార్టులు. వాటితో పాటు బట్టీ లోపలి కెమెరా బొమ్మలు. ఒక్కటీ తక్కువ లేదు. నాలుగైదు తెరిచి చూశాను. యాభై ఆరు దాటి, ముప్పై నిమిషాలు దాటి, ఆర్వో చేతిలో ఎప్పుడూ ఉన్నట్టే.

లేచేటప్పుడు ఏవేవి కప్పుకోవాలో చెప్పే ఫైలు ఒకటుంది. అందులో ఆ పెట్టె వరసలో నేను రాసిన మాట నెట్‌డెవ్. నెట్‌వర్క్ లేచేదాకా ఆగు అని. గ్రాంట్ దాన్ని తీసేసి నోఫెయిల్ అని పెట్టాడు. దొరక్కపోయినా ఆగకు, లేచిపో అని. తేదీ సెప్టెంబర్ 4. మార్చింది తనేనని ఫైలు పక్కన అతని పేరు ఉంది. సెప్టెంబర్ 23న గాలివానకి కరెంటు పోయింది. సర్వర్ నెట్‌వర్క్ కంటే ముందు లేచింది. పెట్టె దొరకలేదు. ఎవరికీ చెప్పకుండా లేచి కూర్చుంది. అక్టోబర్ 13న, ఇక్కడి థాంక్స్ గివింగ్ సెలవు సోమవారం, గ్రాంట్ దాన్ని ఆపి మళ్లీ లేపాడు. ఈసారి పెట్టె దొరికింది. కప్పేసింది.

రేపు పొద్దున చెబుతాను.

అక్టోబర్ 17, శుక్రవారం

చెప్పలేదు.

పొద్దున్నే గ్రాంట్ గది దాకా వెళ్లాను. ఫోనులో ఉన్నాడు. వేలెత్తి ఆగమన్నాడు. ఆగాను. ఫోను పెట్టేసి, "ఏంటి పెద్దాయనా, ప్రింటరేనా? రాసి పెట్టండి, చూస్తాను," అన్నాడు.

రాసి పెడతాను.

గత ఏడాది మార్చి 11, పది గంటల ఇరవై నిమిషాలు. మొత్తం ఆఫీసు ముందు నా ఫైళ్లు తెర మీద వేసి, "వీటిని రాసిందెవరు? ఇంజినీరా, మంత్రగాడా?" అన్నాడు. నవ్వారు. "వాల్ట్, మీరు ఏ కాలేజీ?" అన్నాడు. కాలేజీ లేదన్నాను. "తెలుస్తోందిలెండి," అన్నాడు. మళ్లీ నవ్వారు. నవ్వనివాడు ఆర్వో ఒక్కడే.

ఇప్పుడు చెబితే ఏమవుతుంది? "చిన్న సెట్టింగండీ, దొరికేసింది," అంటాడు. యజమాని అతని వీపు తడతాడు. పదినిమిషాల్లో అయిపోతుంది. నాకు ఒక కాఫీ.

అక్టోబర్ 20, సోమవారం

మంచు పట్టింది. బట్టీలు మూడూ నడుస్తున్నాయి, పక్క మిల్లు నుంచి తెచ్చిన మనిషితో. డిస్కు 44.

ఎగుమతి తనిఖీ అధికారి నవంబర్ 6న వస్తుందట. కొలీన్ మెకే అని పేరు. సర్వర్ నిర్దోషి అని గ్రాంట్ ఆమె ముందు సంతకం పెట్టాలి. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే తీయడానికి వెళ్లి అతని చిత్తుప్రతి చదివాను. "నేను స్వయంగా పరిశీలించి ధ్రువీకరిస్తున్నాను." స్వయంగా.

రాయనీ. సంతకం పెట్టనీ. ఆ సిరా ఆరాక మాట్లాడతాను.

పదిహేడు రోజులు. ఆర్వోకి ఆ రోజుల జీతం తర్వాత ఇస్తారు. ఇవ్వకపోతే అడుగుతాను.

అక్టోబర్ 22, బుధవారం

కాఫీ గదిలో డోరీన్. జీతాల లెక్క చూసే మనిషి, నాకంటే ఆరేళ్లు పెద్ద.

"ఏం నాయనా, మొహం వెలిగిపోతోంది? ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు."

"నీ ఫ్రెండు ఇంట్లో కూర్చుని గోడలు చూస్తుంటే నువ్వు పర్షియన్ బన్ను మీది గులాబీ క్రీము వేలితో నాకుతున్నావు. ఇరవై ఏళ్లలో నిన్ను ఇంత హుషారుగా చూళ్లేదు."

"ఆకలేసింది."

"ఆకలి కాదది, వాల్ట్. పిల్లి ఎలక కన్నం ముందు కూర్చున్నట్టుంది," అంది.

ఆడవాళ్లకి ఎలా తెలుస్తుందో. క్రీము తుడిచేసుకున్నాను.

అక్టోబర్ 23

44.

అక్టోబర్ 25, శనివారం

ప్రతి ఏడూ ఈ వారం అడవిలో వేట క్యాంపులో ఉండేవాళ్లం. ఈసారి ఆర్వో ఇంట్లో కూర్చున్నాం. ఆవిరి స్నానానికి సౌనా గది వేడి చేశాడు. ఇద్దరం చెక్కబల్ల మీద కూర్చున్నాం. రాళ్ల మీద నీళ్లు పోశాడు.

"ఒరేయ్ వాల్ట్. ఒకటి అడుగుతాను, నిజం చెప్పాలి."

"అడుగు."

"నేను మరిచిపోతున్నానా?"

"ఏం మరిచిపోవడం?"

"ఆ చార్టులు నా తెర మీద చూశానని నాకు గుర్తు. బొగ్గుతో గీసినట్టు గుర్తు. లేవంటున్నారు. అంటే నేను చూడనిది చూసినట్టు గుర్తుందన్నమాట. మా అమ్మకి మతిమరుపు అరవై మూడో ఏట మొదలైంది. ఆవిడా అంతే. పాలు పోశానని ఒట్టేసేది, గ్లాసు ఖాళీగా ఉండేది. నాకు అరవై ఒకటి."

"నీకేం కాలేదు ఆర్వో."

"ఎలా తెలుసు నీకు?"

రాళ్ల మీద ఇంకో చెంబు నీళ్లు పోశాను. ఆవిరికి ఇద్దరం కళ్లు మూసుకున్నాం.

బయటికి వచ్చాక అతని భార్య ఐలా కాఫీ పోసింది, యాలకుల రొట్టె కోసింది. ఆర్వో బట్టలు మార్చుకోవడానికి వెళ్లినప్పుడు గొంతు తగ్గించి, "నిన్న కారు తాళాలు ఫ్రిజ్‌లో పెట్టాడు వాల్ట్," అంది.

"చేతిలో సామాన్లుంటే నేనూ పెడతాను."

"నువ్వు పెడితే నవ్వుకుంటాను. ఆయన పెడితే ఏడుపొస్తోంది. ఇదివరకు ఆయన పెట్టినా నవ్వేదాన్నే. అదే తేడా," అంది.

ఇంకా పన్నెండు రోజులు. నిజం తెలిసిన రోజున అతని మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ ఇంటికి వచ్చాను. ఇప్పుడు చెబితే వచ్చే సంతోషం కంటే అందరి ముందు చెబితే వచ్చే సంతోషం పెద్దది. అతని కోసమే ఆగుతున్నాను.

అక్టోబర్ 28, మంగళవారం

మతిమరుపు పరీక్షకి వెళ్తే డాక్టర్ ఆర్వోని గడియారం బొమ్మ వేయమందట. పదకొండు దాటి పది నిమిషాలు. వేశాడట. తర్వాత ఐదు మాటలు చెప్పి, కాసేపయ్యాక అడిగిందట. మూడు చెప్పాడు. రెండు రాలేదు.

"ఏవేవి రాలేదు?" అన్నాను ఫోనులో.

"అవి గుర్తుంటే చెప్పేవాణ్ని కదరా, దున్నపోతా," అని నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగిపోయింది.

భయపడినవాడికి ఐదు మాటలు ఎలా గుర్తుంటాయి? ఆ డాక్టర్‌కి ఇంగితం లేదు. గ్రాంట్‌కి దీన్ని కూడా లెక్క కట్టాలి. ఆ రెండు మాటలూ గ్రాంట్ ఖాతాలోవే.

అక్టోబర్ 30, గురువారం

ఫోను చేశాను, చెప్పేద్దామని. ఐలా ఎత్తింది. పెట్టేశాను.

నవంబర్ 3, సోమవారం

మైనస్ తొమ్మిది. యార్డులో దిమ్మెల మీద నాలుగంగుళాల మంచు. డిస్కు 44.

ఆర్వో వచ్చాడు. ఎవరూ రమ్మనలేదు. నడుం బెల్టుకి గొలుసుతో ఉండే ఎగుమతి ముద్ర తీసి డోరీన్ బల్ల మీద పెట్టాడు. ఒక కాగితం కూడా ఇచ్చాడు, ఐలా చేతిరాత, అతని సంతకం. చార్టులు చూశానో లేదో తనకి గుర్తులేదని, తప్పు తనదే అయి ఉండొచ్చని.

"ఏవయ్యా, పిచ్చా నీకు? ఇది తీసుకెళ్లు. నేను చూళ్లేదు," అంది డోరీన్.

"చూడు డోరీన్. ఎవరో ఒకరు చూడాలి. ముద్ర ఉన్నవాడు తన మనసుని నమ్మగలగాలి. నేను నమ్మలేకపోతున్నా."

అతని గొలుసు ఖాళీగా ఊగింది. డోరీన్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. నేను ప్రింటర్ మూత ఎత్తి లోపలికి చూస్తూ నిలబడ్డాను. అందులో చూడాల్సింది ఏమీ లేదు.

గ్రాంట్ ఆ కాగితం చదివి, "పాపం పెద్దమనిషి. మంచి పని చేశాడు," అన్నాడు.

మూడు రోజులే.

నవంబర్ 4, మంగళవారం

పాత సర్వర్‌లో నేను ఒక పని చేసేవాణ్ని. పైన కప్పే ముందు కింది ఖాళీ ఫోల్డర్‌కి తాళం వేసేవాణ్ని. అప్పుడు టార్పాలిన్ లేని రోజున ఏం వేయబోయినా పడదు. బట్టీ ప్రోగ్రాం ఆ గంటలోనే గోల చేస్తుంది. ఈ సర్వర్‌ని పెట్టింది కూడా నేనే, ఆరేళ్ల కింద. దీనికి ఆ తాళం వేయలేదు. మరిచాను.

అది వేరే విషయం.

నవంబర్ 6, గురువారం

అంతా రాస్తాను.

పదింటికి పై గదిలో యజమాని, గ్రాంట్, తనిఖీ అధికారి మెకే, డోరీన్, ఆర్వో, ఐలా. నన్ను ప్రొజెక్టర్ కోసం పిలిచారు. ఆర్వో కొత్త చొక్కా వేసుకున్నాడు. మెడ దగ్గర మడత ఇంకా పోలేదు.

గ్రాంట్ ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఖాళీ ఫోల్డర్ తెర మీద చూపించాడు. మెకే కాగితం తోసింది. సంతకం పెట్టాడు. సిరా ఆరేదాకా చూశాను. నిజంగానే చూశాను.

"ఒక్క నిమిషం," అన్నాను.

"ప్రొజెక్టర్‌కి ఏమైంది వాల్ట్?" అన్నాడు గ్రాంట్.

"ప్రొజెక్టర్ బాగుంది. నువ్వు లే, ఆ కుర్చీ కావాలి."

యజమాని నా వైపు అదోలా చూశాడు. ఆ గదిలో పెద్దలెవరినీ నేను నువ్వు అని ఎరగను. గ్రాంట్ లేచాడు. నేను కూర్చుని, తెర మీద నా అనుమతితో రెండో దారి తెరిచాను. నలభై ఒక్క ఫైళ్లు వరసగా దిగాయి. గదిలో ఎవరో ఊపిరి పీల్చారు. మొదటి చార్టు తెరిచాను. రెండోది. మూడోది. మెకే కళ్లద్దాలు పెట్టుకుని తెర దగ్గరికి వచ్చింది. "యాభై ఏడు... యాభై ఏడున్నర... నలభై నిమిషాలు. ఇవి చక్కగా ఉన్నాయండీ," అంది. తర్వాత గ్రాంట్ మార్చిన వరస చూపించాను. తేదీ, పక్కన అతని పేరు. ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పలేదు.

"ఇదేంటి గ్రాంట్?" అన్నాడు యజమాని.

గ్రాంట్ పాలిపోయాడు. నేను ఏడాదిన్నర నుంచి ఎదురుచూసిన రంగు అది. అచ్చం నేను అనుకున్న రంగే. తర్వాత అతను నా వైపు తిరిగి, "ఆ ఖాళీ ఫోల్డర్‌కి తాళం వేసి ఉంటే మొదటి రోజే తెలిసేది. ఈ మెషీన్ పెట్టిందెవరు?" అన్నాడు. ఎవరూ వినలేదు. నేను విన్నాను.

ఆర్వో లేచి నిలబడ్డాడు. తెర దగ్గరికి వెళ్లి, తన నలభై ఒక్క చార్టులనూ పైనుంచి కిందికి వేలితో తడుముతూ వచ్చాడు.

"అయితే నా బుర్ర బాగానే ఉందన్నమాట," అన్నాడు. గట్టిగా నవ్వాడు. ఐలా అతని చొక్కా పట్టుకుని ఏడ్చేసింది. డోరీన్ చప్పట్లు కొట్టింది. "ఒరేయ్ వాల్ట్! నువ్వు మనిషివి కాదురా!" అంటూ ఆర్వో వచ్చి నన్ను ఎత్తినంత పని చేశాడు.

నేను అనుకున్నది అదే. అనుకున్నది అనుకున్నట్టే జరిగింది. అక్కడ ఆగిపోయి ఉంటే బాగుండేది.

"ఎప్పుడు దొరికాయి నీకు? పొద్దున్నా?"

తేదీల విషయంలో నేను అబద్ధం చెప్పలేను. ఎప్పుడూ చెప్పలేదు.

"పదహారున."

"పదహారు ఇంకా రాలేదు కదరా?"

"అక్టోబర్ పదహారు."

అతని చేతులు ఇంకా నా భుజాల మీదే ఉన్నాయి. లెక్క వేసుకుంటున్నాడని వేళ్లు కదలడంతో తెలిసింది. సౌనా. డాక్టర్. గడియారం. ముద్ర. ఒక్కో దానికీ ఒక్కో వేలు.

"సౌనాలో అడిగాను నిన్ను," అన్నాడు.

"అడిగావు."

"నీళ్లు పోశావు."

చేతులు తీసేశాడు. ఐలా కోటు అందుకుని ఆమెకి తొడిగాడు, ఒక చెయ్యి, తర్వాత రెండో చెయ్యి, మెల్లగా. ఇద్దరూ వెళ్లిపోయారు. యజమాని నా చెయ్యి ఊపుతూ ఏదో అంటున్నాడు.

నవంబర్ 7, శుక్రవారం

గ్రాంట్ పదకొండింటికి అట్టపెట్టె మోసుకుంటూ వెళ్లాడు. కిటికీలోంచి చూశాను. మంచులో ఒకసారి జారాడు. చాలా బాగుంది.

తాళాలన్నీ తిరిగి నా చేతికి వచ్చాయి. నెట్‌డెవ్ మళ్లీ రాశాను. కింది ఫోల్డర్‌కి తాళం వేశాను. చార్టులన్నీ పెట్టెలోకి చేర్చాను. సర్వర్‌ని మూడుసార్లు ఆపి లేపాను. మూడుసార్లూ ఆగి, నెట్‌వర్క్ వచ్చాకే లేచింది.

ఆర్వోకి నాలుగుసార్లు ఫోను చేశాను.

నవంబర్ 8

డోరీన్ చెప్పింది, ఆర్వో, ఐలా వేట క్యాంపుకి వెళ్లారట. ఐలా తమ్ముడు కూడా వెళ్లాడట.

నవంబర్ 9

నేను ఎందుకు ఆగానో అతనికి తెలియదు. తెలిస్తే అర్థం చేసుకుంటాడు. అతని కోసమే కదా.

పై రెండు వాక్యాలు కొట్టేద్దామనుకున్నాను. రోజు లెక్కలో కొట్టివేతలు ఉండకూడదు.

నవంబర్ 10, సోమవారం

మైనస్ పద్నాలుగు. గాలి లేదు. మూడు బట్టీలూ నడుస్తున్నాయి. డిస్కు 31.

ఏడున్నరకి ఆర్వో పనిలోకి వచ్చాడు. బెల్టుకి ముద్ర ఉంది. యార్డులో అందరూ చుట్టూ చేరారు. అందరినీ పేరుపేరునా పలకరించాడు. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే లాంగ్ లెగ్స్‌ని, "ఏరా కొంగా, నేను లేకపోతే ఎన్ని దిమ్మెలు కూల్చావు?" అన్నాడు. నవ్వారు. నేను మెట్ల దగ్గర నిలబడి ఉన్నాను. నా వంతు వచ్చింది.

చేతి తొడుగు తీశాడు. టోపీ కూడా కొంచెం ఎత్తాడు.

"గుడ్ మార్నింగ్ వాల్టర్ గారూ. మీ సర్వర్ లేచిందాండీ?"

"లేచింది," అన్నాను.

"మంచిదండీ. అయితే మేం తలుపులు మూసుకుంటాం," అని బట్టీల వైపు వెళ్లిపోయాడు.